ఎనిమిదో టాపెట్

మా ఇంట్లో కారు నడిపేది నా భార్య. నాకు రాదు. గద్వాలలో ఈ మాట చెబితే ఇప్పటికీ కొందరు మూతి తిప్పుకుని నవ్వుతారు. నవ్వుకోండి, నాకేం! ముప్పై ఏళ్లుగా మగ్గం గుంతలో కాళ్లాడిస్తున్నవాణ్ని, కారెక్కి కూడా కాళ్లాడించాలా? ఆమె నడుపుతుంది. నేను పక్క సీట్లో చీరల మూట ఒళ్లో పెట్టుకుని, అద్దం దించుకుని, దర్జాగా కూర్చుంటాను.

కారు పాత అంబాసిడర్. మా మామది. నాగర్‌కర్నూల్‌లో దాన్ని కిరాయికి తిప్పేవాడు. పెళ్లిళ్లకు, దవాఖానకు, ఎవరింట్లోనైనా నొప్పులొస్తే కాన్పుకు. ఆయన పోయాక కొడుకులు ఏమేం పంచుకున్నారో నేను అడగలేదు. మా ఆవిడ మాత్రం "నాకు నాయిన కారు సాలు" అంది. చిన్నప్పుడే ఆయన ఆమెకు బండి నడపడమూ నేర్పాడు, బాగుచేయడమూ నేర్పాడు. కారుతో పాటు రుమాల్లో చుట్టిన చిన్న రేకు ముక్క కూడా మా ఇంటికి వచ్చింది.

ఆ రేకు గురించి చెప్పాలి. ఇంజను పైమూత తీస్తే వరుసగా ఎనిమిది రాకర్లు కనిపిస్తాయి. ఒక్కొక్కటి తన కిందున్న వాల్వును నొక్కి తెరుస్తుంది, లేచినప్పుడు వాల్వు మూసుకుంటుంది. రాకరుకూ వాల్వుకూ మధ్య సన్నని సందు ఉంచాలి. టాపెట్ పెట్టడమంటే అదే. ఆ సందు కొలవడానికి మా మామ స్వయంగా కత్తిరించి, అరగదీసి తయారు చేసుకున్న రేకు అది. మూణ్ణెల్లకోసారి ఆదివారం పొద్దున మా ఆవిడ కొంగు బిగించి బానెట్ ఎత్తుతుంది. నేను ముందు నిలబడి, ఇంజను కదిలేలా హ్యాండిల్ తిప్పుతాను. "ఒకటోది కిందికి దిగితే ఎనిమిదోది వెట్టాలె. రెండోది దిగితే ఏడోది. కలిపితే తొమ్మిది కావాలె. గంతే" అని ప్రతిసారీ కొత్తగా చెబుతుంది. రేకును సందులో పెట్టి లాగుతుంది. పట్టీ పట్టనట్టు జారితే తలాడిస్తుంది.

సందు ఉంటుంది కాబట్టి చప్పుడూ ఉంటుంది. టిక్కు టిక్కు టిక్కు. ఆమెకు అది వినిపించదు, వినిపించినా వాళ్ల నాయన గొంతులాగే వినిపిస్తుందేమో. నాకు మాత్రం చిర్రెత్తేది. నా చెవి మగ్గం దగ్గర పెరిగిన చెవి. చప్పుడులో తేడా వస్తే ఎక్కడో పోగు వదులైందని అర్థం. మా చీరకు నడుమ నూలు, అంచులు పట్టు. పడుగులో ఒక్క పోగు వదులైనా అంచు ముడతలు పడుతుంది, చీర వెనక్కొస్తుంది. వదులు అనేది మా ఇంట్లో తిట్టుతో సమానం. మా నాన్న నన్ను కొట్టింది రెండేసార్లు, రెండూ వదులు పడుగు చుట్టినందుకే.

ఆ మధ్య పెట్రోలు బంకులో ఒకడు, "ఏందక్కా, కారేసుకొచ్చినవా, కుట్టుమిషన్ ఏసుకొచ్చినవా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ, అద్దంలో ఆమె మొహం చిన్నబోవడం నేను చూశాను. నాకు కడుపు మండింది. నీ అమ్మ కడుపు మాడ, నా భార్యను అంటావురా అనుకున్నాను. పైకి అనలేదు, కారు దిగితే వాడు నాకంటే ఒక జానెడు ఎక్కువున్నాడు.

మరుసటి ఆదివారం ఆమె ఎప్పటిలాగే టాపెట్లు పెట్టింది, ఆ మర్నాడే రాజోలిలో చుట్టాల ఇంటికి బస్సులో పోయింది. ఇల్లు ఖాళీ. నేను బానెట్ ఎత్తాను. ఆమె చేస్తుంటే ఎన్నిసార్లు చూడలేదు! నేనే హ్యాండిల్ తిప్పాను, నేనే పక్కకొచ్చి స్క్రూ బిగించాను. ఒకటి దిగితే ఎనిమిది, రెండు దిగితే ఏడు. లెక్క తప్పలేదు. రేకు మాత్రం వాడలేదు. ఎందుకు వాడతాను? ఎనిమిదింటినీ ఒక్క పిసరు సందు లేకుండా, కొత్త పడుగు బిగించినట్టు బిగించాను. స్టార్ట్ చేయడం వరకు నాకు వచ్చు. చేశాను. చప్పుడు లేదు! ఎంత ముచ్చటేసిందో! ఆమె వచ్చాక చెప్పకూడదు, ఎప్పుడో బండి నడుపుతూ తనే గమనించి అడిగినప్పుడు మీసం మెలేస్తూ చెప్పాలి అనుకున్నాను.

రెండు రోజుల తరువాత వనపర్తిలో ఒక పెళ్లివారికి చీరలు అప్పజెప్పడానికి బయల్దేరాం. బీచుపల్లి వంతెన మీద ఆమె చెవి ఒకవైపు వంచింది.

"ఏందయ్యా, బండి ఇయ్యాల మాట్లాడ్తలేదు?"

"మంచిదే గదా."

"మొన్న ఆదివారం నేను వెట్టింది మస్తు కుదిరినట్టుంది" అని సంతోషపడింది. అప్పుడే చెప్పాల్సింది. తిరుగు ప్రయాణంలో టీ తాగుతూ చెబుదామని ఊరుకున్నాను.

తిరుగు ప్రయాణంలో టీ దాకా పోలేదు. కొత్తకోట మీదుగా వస్తూ, ఆ ఊరు ఇంకా కొంచెం దూరం ఉందనగా బండి ఊపు తగ్గింది. సైలెన్సర్లో టపటపా పేలుళ్లు. వెనక లారీలు హారన్లు కొడుతుంటే రోడ్డు అంచున కుంటుకుంటూ కొత్తకోట చేరాం. అక్కడ హైవే పక్కన షెడ్డులో మా మామ పాత స్నేహితుడు, ముసలి మెకానిక్ ఉన్నాడు. మా ఆవిడ ఆయన్ని చిచ్చా అంటుంది. నన్ను ఆయన అల్లుడు అంటాడు. సాయంత్రానికి ఇంజను పైభాగం, అదే హెడ్డు, దించి, ఒక వాల్వును నా చేతిలో పెట్టాడు. ఎలుక కొరికిన జొన్నరొట్టెలా దాని అంచు ఒకచోట కాలి ఊడిపోయి ఉంది.

"సందు లేకుండ బిగిచ్చిన్రు బిడ్డా" అన్నాడు ఆమెతో. "వేడెక్కితే వాల్వు పొడుగైతది. పొడుగయ్యేటందుకు జాగ ఉండాలె. లేకుంటే పూరా మూసుకోదు, మంట గా మూసుకోని తావులకెళ్లే పోయి దాన్ని తినేస్తది. ఎవరు వెట్టిన్రు టాపెట్లు?"

"నేనే చిచ్చా" అంది.

నా నోరు తెరుచుకోలేదు. ఇప్పటికీ ఎందుకో చెప్పలేను. భయమా అంటే, ఆమె నన్ను ఎప్పుడు కొట్టింది గనుక! సిగ్గు. ముసలాయన ముందు, ఏమీ రాని మగ్గంవాడు వేలు పెట్టి చెడగొట్టాడని అనిపించుకోవడానికి సిగ్గు. ఇంటికి పోయాక చెబుదాం అనుకున్నాను. బస్సులో ఇంటికి పోయాం. అక్కడా చెప్పలేదు.

చెప్పని ప్రతి రోజూ చెప్పడం ఇంకా కష్టమైంది. ఆమె ఏడవలేదు, అరవలేదు. "నాయిన ఉన్నన్నాళ్లు ఒక్కపారి తప్పువోలే. నా చేతికే ఏమో అయ్యింది" అంది ఒకసారి, అంతే. పెద్దంచు చీర నేసేటప్పుడు అటు పక్క, అడ్డపోగు మోసే నాడె ఆమే అందుకుంటుంది. పెళ్లయిన ఏడాది నుంచీ ఇద్దరం అలాగే నేస్తున్నాం. ఆ వారం ఆమె ప్రతి నాలుగు వరుసలకూ ఆగి, "జర చూడయ్యా, నాదిక్కు సక్కగనే వస్తుందా?" అని అడగడం మొదలుపెట్టింది. చక్కగానే వస్తోంది. ఎప్పుడూ వచ్చినంత చక్కగా. "వస్తుంది" అన్నాను. ఆమె నమ్మలేదు, వేళ్లతో అంచు తడుముకుంది. అయినా, ఛీ, చెప్పలేదు.

నాలుగో రోజు సామాను చూసుకోవడానికి మళ్లీ కొత్తకోట పోయాం. చిచ్చా గల్లా మీద గుడ్డ పరిచి వరుసగా పెట్టాడు. ఒక పక్క పాత కొలతకే చేసిన మామూలు వాల్వులు, స్ప్రింగులు, రాకర్లను కిందనుంచి తోసే పుష్ రాడ్లు. ఇంకో పక్క మెరిసిపోయే గట్టి స్ప్రింగులు, తేలిక రాకర్లు. నా చేయి దానంతట అదే మెరిసేవాటి మీదికి పోయింది. తప్పు చేసినవాడికి ఖరీదైన వస్తువు మీదికే చేయి పోతుంది కదా.

"మంచియే తీస్కుందాం చిచ్చా, గట్టియి" అన్నాను.

"గట్టియంటే మంచియి గాదు అల్లుడా. గీ స్ప్రింగులేస్తే లోపల వీటన్నిటిని ఆడిచ్చే పాత క్యాము మీద జోరు వడ్తది, అరిగిపోతది. అప్పుడు క్యాము మార్చాలె, దాంతోని టాపెట్లు మార్చాలె. గీ బండి ఉరకాలెనా, ఊర్లు తిరగాలెనా? ఒకదానికొకటి కుదిరేయి ఏసుకోవాలె."

మా ఆవిడ ఇవేవీ చూడడం లేదు. "చిచ్చా, సందు వెట్టే పని లేనియి ఏమన్న ఉన్నయా?" అంది.

ఆయన గడ్డం గోక్కున్నాడు. "ఉన్నయి. నూనెతోని నడిచే టాపెట్లు. సందు అదే సర్దుకుంటది, చెయ్యి వెట్టే పనే ఉండదు. బెంగళూరుల ఒకాయన చెప్పి చేయిస్తే చేస్తడు. గని బిడ్డా, దాన్కోసం లోపలంత మార్చాలె. గది మీ నాయిన ఇంజను గాదు ఇగ."

"గవే తెప్పియ్యి" అంది. తరువాత కొంగు ముడి విప్పింది. రుమాలు తీసింది. రుమాల్లోంచి రేకు తీసి, గల్లా మీద పెట్టి, వేలితో ఆయన వైపు జరిపింది. "గిది నీ తాన వెట్టుకో. ఇగ నాకెందుకు."

ఆ రేకు అంచులు వాళ్ల నాయన వేళ్లకూ ఆమె వేళ్లకూ అరిగి నున్నగా మెరుస్తున్నాయి. చిచ్చా దాన్ని ముట్టుకోలేదు. నేను ముట్టుకున్నాను. అరచేయి మూసి దాని మీద పెట్టేశాను.

"నేనే బిగిచ్చిన" అన్నాను.

"ఏంది?"

"నువ్వు రాజోలి వోయినప్పుడు. చప్పుడు వోవాలని. ఎనిమిదీ నేనే బిగిచ్చిన. నువ్వు వెట్టినయి మంచిగనే ఉండె."

షెడ్డులో ఎవరో సుత్తి కొడుతున్నారు. ఆమె నన్ను చూడలేదు, తన చేతుల్ని చూసుకుంది. రెండు చేతులూ ముందుకు చాపి, తిప్పి తిప్పి చూసుకుంది.

"నేను వెట్టినయి మంచిగనే ఉండెనా?"

"మంచిగనే ఉండె."

"నిజంగ?"

"నీ మీద ఒట్టు."

అప్పుడు ఏడ్చింది. నాలుగు రోజులుగా రాని ఏడుపు, కొంగు నోట్లో కుక్కుకుని, గల్లాకు ఆనుకుని. తిడుతుందని సిద్ధపడి ఉన్నాను నేను, తిట్లు రాలేదు. ఆమె ముఖంలో కోపం లేదు, హమ్మయ్య అన్న తేలికదనం ఉంది. అది చూశాక నాకు తిట్టు తిన్నా బాగుండుననిపించింది. నేను చేసింది వాల్వు కాల్చడం కాదు. నాలుగు రోజులు ఆమె చేతుల్ని ఆమెకు కాకుండా చేశాను.

తిట్లు తరువాత వచ్చాయి, తక్కువేం రాలేదు. "నాలుగు దినాలు! నా పక్కనే గూసుంటివి, నా చేతిల నాడె అందుకుంటివి, నోరు రాలేదా నీకు? సిగ్గు లేదా, షరము లేదా?" చిచ్చా నవ్వు దాచుకోవడానికి మొహం అటు తిప్పి, చాయ్ చెప్పొస్తానని బయటికి పోయాడు. నేను తల దించుకుని అన్నీ విన్నాను. నాకది కొత్త.

చాయ్ వచ్చేసరికి ఆమె కళ్లు తుడుచుకుని, నా చేతి కిందనుంచి రేకు లాక్కుని కొంగున ముడేసుకుని, సామాను మీద పడింది. ఎంతటి మనిషి! మెరిసేవాటిని ఒక పక్కకు నెట్టింది. పాత కొలత వాల్వులు ఒక్కొక్కటీ గోటితో అంచు తడిమి ఏరింది. స్ప్రింగులు పక్కపక్కన నిలబెట్టి ఎత్తు చూసింది, ఒకటి పొట్టిగా ఉంటే వెనక్కిచ్చింది. మన పాత రాకర్లు బాగున్నాయి, అవే ఉండనీ అంది. పుష్ రాడ్లను బల్ల మీది అద్దం పైన దొర్లించింది. వంకర ఉంటే దొర్లేటప్పుడు ఎగురుతుందట. అద్దం మీద అవి దొర్లే చప్పుడులో మూడోది నాకు తేడాగా వినిపించింది.

"గది వంకరుంది" అన్నాను భయం భయంగా.

మళ్లీ దొర్లించింది. వంగి చూసింది. "అవు" అని దాన్ని పక్కన పెట్టేసింది. తరువాత మిగతావి నా వైపు జరిపి, "నువ్వు విను, నేను చూస్త" అంది. అలా ఇద్దరం ఎనిమిది ఏరాం.

వారం తరువాత చిచ్చా హెడ్డు బిగించి ఇచ్చాడు. టాపెట్లు తానే పెట్టి ఇస్తానన్నాడు. వద్దు, ఇంటికాడ పెట్టుకుంటాం, మెల్లగా పోతాం అంది ఆమె. దారి వరకు సరిపోయేలా ఉజ్జాయింపుగా పెట్టి గద్వాల తెచ్చుకున్నాం. ఆదివారం పొద్దున బానెట్ ఎత్తింది. నేను హ్యాండిల్ పట్టుకున్నాను. రెండోది దిగింది, ఏడోది పెట్టింది. మూడోది దిగింది, ఆరోది పెట్టింది. ఒక్కదానికి కూడా రెండోసారి చూసుకోలేదు, నన్ను అడగనూ లేదు. ఆమె చేతులు మళ్లీ ఆమెవయ్యాయి. చివరికి ఒకటోది దిగింది. ఎనిమిదోది పెట్టాలి. ఆమె పక్కకు జరిగి నిలబడింది.

"గిది నువ్వు వెట్టు."

"నేనా?"

"నువ్వే. రా."

స్క్రూ తిప్పాను, రేకు పెట్టి లాగాను. కదల్లేదు. ముప్పై ఏళ్ల అలవాటు, ఎక్కడికి పోతుంది!

"జర వదులు" అంది.

వదిలాను.

"ఇంక జర."

ఇంకొంచెం వదిలాను. ఈసారి రేకు పట్టీ పట్టనట్టు, నా వేళ్లకు చిన్నగా తెలుస్తూ, జారి వచ్చింది. అప్పటిదాకా ఆమె ఎన్నిసార్లు చెప్పినా నాకు తెలియనిది అదే. ఆమె రేకు తీసుకుని తానొకసారి లాగి చూసి, తలాడించింది. మూత బిగించి స్టార్ట్ చేసింది.

టిక్కు టిక్కు టిక్కు. బానెట్ కిందికి వంగి, ఎనిమిదింటిలో నేను పెట్టింది ఏదో పోల్చుకుందామని చెవి పెట్టి విన్నాను. పోల్చుకోలేకపోయాను.

ఆమె ఇంజను ఆపింది. రేకును రుమాల్లో చుట్టి, కొంగున ముడేసుకుంటుందనుకుంటే, నా చొక్కా జేబులో పెట్టింది.

"మల్ల ఎప్పుడన్న బిగియ్యాలె అనిపిస్తే" అంది, "నన్నడగకున్నా మంచిదే, దీన్నడుగు."