విప్పి కట్టిన కేకు కోట

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక కోట లేచింది. లేచిన పూటే దాన్ని ఊడదీశారు. మళ్ళీ కట్టారు, మళ్ళీ ఊడదీశారు. మా పెద్దవాళ్ళకి మతి పోయిందని అప్పుడు గట్టిగా నమ్మాను.

అప్పట్లో అమీర్‌పేటలో ఒక సందులో అద్దెకుండేవాళ్ళం. సందు పొడుగునా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. ఆకాశం కనబడాలంటే మేడ ఎక్కాల్సిందే. అమ్మ చిన్న ఓవెన్‌లో కేకులు చేసి, తెలిసినవాళ్ళ పుట్టినరోజులకి ఇస్తూ ఉండేది. అవి ఎప్పుడూ గుండ్రంగానే ఉండేవి. ఒకసారి పంజాగుట్టలో ఉండే ఒకావిడ, కూతురి పుట్టినరోజుకి మూడంతస్తుల కోట కేకు కావాలంది. బాగా కుదిరితే నలుగురికీ చెప్తానంది. అమ్మ ఏ ధైర్యంతోనో సరేనంది. తన పనిని బయటివాళ్ళు మెచ్చుకోవాలని అమ్మకి ఎంత ఆశో నాకు తెలుసు. అది గనక కూలిపోతే "ఇంక ఈ కేకుల గోల చాలు" అనడానికి నాన్న సిద్ధంగా ఉన్నారని కూడా తెలుసు.

ముందుగా చేసి చూసుకున్నది కూలనే కూలింది. కేకు మీద కేకు, దాని మీద ఇంకో కేకు పెట్టేసరికి అడుగుది నలిగిపోయి పక్కలనుంచి జామ్ కారింది. నేను సంబరంగా తిన్నాను. మూతికంటిన జామ్ తుడుచుకునేదాకా అమ్మ ఏడుస్తోందని గమనించలేదు.

పక్కింట్లో ఒక అక్క ఉండేది. వరంగల్ వైపు నుంచి వచ్చింది. చదివింది ఇళ్ళు కట్టే ఇంజనీరింగు, నేర్చుకుంటున్నది కంప్యూటరు. ఎందుకలాగో నాకు అంతుపట్టేది కాదు. ఆ రోజుల్లో ఎవరు ఏం చదివినా చివరికి అమీర్‌పేట వచ్చి కంప్యూటర్ ముందే కూర్చునేవారు. అక్క ఆ కూలిన కేకుని చూసి నవ్వలేదు.

"పైది కిందిదాని మీద కూసుంటే ఆగదు ఆంటీ. పిల్లర్లు కావాలె," అంది.

పిల్లర్లంటే లావుపాటి కూల్‌డ్రింక్ స్ట్రాలు. వాటిని కేకు ఎత్తుకి సమంగా కత్తిరించి కేకులోకి దించారు. మంచి కేకుకి చిల్లులు పొడుస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. ఆ స్ట్రాల మీద వెండి కాగితం చుట్టిన అట్ట, అట్ట మీద పై అంతస్తు. బరువంతా స్ట్రాలే మోస్తాయని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు మాత్రం ఒక కేకు ఇంకో కేకు మీద ఆనకుండా ఎలా నిలబడిందో తెలియక, బల్ల చుట్టూ తిరిగి వంగి వంగి చూశాను.

బోర్లించిన ఐస్‌క్రీమ్ కోన్లు బురుజులయ్యాయి, వేఫర్ బిస్కెట్ సింహద్వారం అయింది. మేడ మీదివాళ్ళంతా వచ్చి చూశారు. మా నానమ్మ ఉప్పూ మిరపకాయలతో కేకుకి దిష్టి తీసింది. అంతలో అక్క, "ఇగ ఇప్పుర్రి ఆంటీ," అంది.

"ఏంటమ్మాయ్, వేళాకోళమా?" అంది అమ్మ.

వేళాకోళం కాదు. అక్క చేతులు కట్టుకుని నిలబడింది. అమ్మ ఒక్కొక్క అంతస్తూ దించింది. మళ్ళీ కట్టమంది అక్క. అమ్మ చేతులు తడబడుతున్నా సాయం పట్టలేదు. "జర కుడికి" అనడం తప్ప వేలు కదపలేదు. అయ్యాక మళ్ళీ విప్పమంది. నేను కాళ్ళు కొట్టుకుంటూ ఏడ్చాను. దిష్టి సరిగ్గా తీయలేదేమోనని నానమ్మ మళ్ళీ ఉప్పు కోసం లోపలికి వెళ్ళింది.

మర్నాడు మూడంతస్తులూ మూడు అట్టపెట్టెల్లో ఆటో ఎక్కాయి. రామ్మా అని అమ్మ సీటులో చోటు చూపించింది. అక్క కదల్లేదు.

"నేను రాను ఆంటీ. ఇయ్యాల నాకు ఇంటర్వ్యూ ఉన్నది. ముందే చెప్తే మీరు ఆర్డరే వద్దంటరని చెప్పలే."

అమ్మ ముఖం పాలిపోయింది. కోపగించుకోవాలో భయపడాలో తెలియని ముఖం అది. ఆటో కదిలింది. పంజాగుట్ట చౌరస్తాలో వేసిన బ్రేకుకి ఒక పెట్టె ఒరిగి, లోపల గోడ మీది క్రీమ్ చెదిరింది. నిలబెట్టిన కోటని అలాగే తెచ్చి ఉంటే మొత్తం మా ఒళ్ళోనే ఉండేది.

పెట్టెలు చూడగానే కేకు చెప్పినావిడ, "కోట అన్నారు కదండీ?" అంది. అమ్మ కాసేపు ఆగమని చెప్పి, బల్ల దగ్గర నిలబడింది. ఎవరివైపూ చూడలేదు. స్ట్రాలు సరిచూసుకుంది. అట్టలు పేర్చింది. చెదిరిన గోడ మీద తీగలూ పువ్వులూ అల్లేసింది. కోట నిలబడింది. పుట్టినరోజు పిల్ల పరుగున వచ్చి, ఇందులో రాణి ఎక్కడ పడుకుంటుందని అడిగింది. అమ్మ పైట కొంగుతో ముఖం తుడుచుకుంటూ నవ్వింది. అమ్మ అంత పొడుగ్గా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

అక్కకి ఆ ఉద్యోగం రాలేదు. తర్వాత వేరే ఊళ్ళో ఏదో వచ్చి వెళ్ళిపోయింది. అమ్మ కోటలు మాత్రం ఊరంతా తిరిగాయి, పక్కన ఎవరూ లేకుండానే.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు తడబడుతుంటే, నా చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. ఎంతో బలవంతం మీద వెనక్కి లాక్కుంటాను. ఆ రోజు అక్క మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. చేతులు కట్టుకుని నిలబడడానికి ఆ పిల్ల ఎంత అవస్థ పడి ఉంటుందో తలచుకుంటే, ఇప్పుడు ప్రేమ ముంచుకొస్తుంది.