ఓవర్సీరు గారికి ఉగ్గాని పెట్టిన పాపం

సంతకం పెట్టబోతున్న మనిషి చెయ్యి పట్టుకుని ఆపిన తెలివైనోణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూసుకోండి, మీ ఎదురుగానే కూర్చుని టీ తాగుతున్నాడు!

నంద్యాలలో నేను ఇల్లు కట్టుకుంటున్న సంగతి మీకు తెలుసు కదా. రోజూ ఆళ్లగడ్డ బడికి బస్సులో పోయి వస్తూ, ప్లాను కోసం ఒక ఆఫీసు, సిమెంటు పర్మిట్టు కోసం ఇంకో ఆఫీసు తిరిగి, చెప్పులరిగి, ఎలాగో స్లాబు దాకా వచ్చాను. ఇక మిగిలింది కొళాయి. మున్సిపాలిటీ ఓవర్సీరు వచ్చి, ఇల్లు ప్లాను ప్రకారమే కట్టారని సంతకం పెడితేనే కొళాయి ఇస్తారు. అంతవరకు మా ఆవిడ సుగుణ వీధి చివర బోరింగు కొట్టి బిందెలు మోయాల్సిందే. పాపం, ఆమె భుజాలు పడిపోయాయి. "ఈ ఎండలు ముదిరేలోపల కొళాయి రాకుంటే మా పుట్టింటికి పోతా, నువ్వే మోసుకో" అని చెప్పేసింది కూడా.

చిక్కేమిటంటే, ప్లానులో లెట్రిన్ ఉంది. అది లేకుండా ప్లాను పాస్ చేయరు. మా అమ్మేమో ససేమిరా అంది.

"తినే ఇంట్లో ఆ పనేందిరా? థూ! అట్లయితే నేనీ ఇంట్లో మెతుకు ముట్టను."

అమ్మను కాదనలేను, ఆఫీసును కాదనలేను. అందుకని బ్రహ్మాండమైన ఉపాయం ఒకటి చేశాను. పెరట్లో చిన్న గది కట్టించి, తెల్లటి పింగాణీ బేసిన్ తెచ్చి నేలలో కూర్చోబెట్టి, తలుపు బిగించాను. కింద గుంత లేదు, పైపు లేదు. ఓవర్సీరు తొంగి చూస్తే లెట్రిన్, అమ్మ చూస్తే ఉత్త గది!

మొన్న శనివారం లీవు పెట్టి, ఓవర్సీరు గారిని రిక్షాలో పిలుచుకొచ్చాను. టేపు పట్టి గదులన్నీ కొలిచాడు. పక్క గోడకు వదలాల్సిన సందు కొలిచాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

"లెట్రిన్ యాడప్పా?"

"అదో సార్, పెరట్లో. ఇప్పుడే సున్నం కొట్టించినా. తడి ఆరలేదు."

"సరేలే" అన్నాడు. తలుపు మీద చెయ్యి కూడా వేయలేదు! ఫైలు తెరిచాడు. పెన్ను మూత తీశాడు.

అప్పుడు నేనేం చేశాను? ఆయన చెయ్యి పట్టుకున్నాను. "సార్, సార్! మా ఇంటికొచ్చి ఏమీ తినకుండానా? ముందు టిఫిను, తర్వాత సంతకం!" లంచం ఇవ్వకుండా, ఉత్త మర్యాదతో పని చేయించుకున్నానని మీ అందరి దగ్గరా గొప్పలు చెప్పుకోవద్దా మరి!

"వద్దప్పా, పొద్దున్నుంచి కడుపు సరిగ్గా లేదు" అన్నాడాయన. నేను వింటే కదా! బొరుగులు నానబెట్టి తాళింపేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. ఆయన వద్దంటుంటే నేను వేస్తూనే ఉన్నాను. సుగుణ తలుపు వెనకనుంచి చాలు చాలని సైగ చేస్తోంది. ఆడవాళ్లకు మర్యాదలేం తెలుసులే అనుకున్నాను.

బజ్జీ సగంలో ఉండగా ఆయన నమలడం ఆపేశాడు. నుదుటి మీద చెమట పట్టింది. కారం ఎక్కువైందేమోనని చెంబెడు పుల్ల మజ్జిగ ఇచ్చాను. అదీ తాగాడు. తాగి లేచి నిలబడ్డాడు.

"అయ్యవారూ, ఆ లెట్రిన్ తలుపు తీయప్పా."

"తడి సార్... సున్నం..."

"సున్నం సంగతి తర్వాత సూస్తాం. జల్దీ తీ!"

తలుపుకు అడ్డం నిలబడ్డాను. ఒక్క తోపు తోసి, తలుపు ఆయనే లాగాడు.

బేసిన్ నిండా వరిగడ్డి. గడ్డిలో గుడ్లు. గుడ్ల మీద కోడి! పోయిన వారం మా అమ్మ ఆళ్లగడ్డలో చిన్నమ్మ ఇంటికి పోయి, గంపలో పెట్టుకుని బస్సులో తెచ్చిన కోడి. పెరట్లో యాడో ఉందిలే అనుకున్నాను. గుండ్రంగా, లోతుగా, ఇంత మంచి చోటు ఇంకెక్కడ దొరుకుతుందని అమ్మ అందులోనే పొదగబెట్టింది!

కోడి రెక్కలు విప్పి ఓవర్సీరు గారి ముఖం మీదికి లేచింది. వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఓ సారూ! దాన్ని కదిలించొద్దు! గుడ్లు మురిగిపోతాయి!"

ఆయన కోడిని చూశాడు. గుంత లేని బేసిన్ చూశాడు. నన్ను చూశాడు. తిట్టడానికి కూడా టైము లేదు పాపం. "చెంబు!" అని మాత్రం అన్నాడు.

ఇక చూడండి నా వైభోగం! ముందు ఓవర్సీరు, వెనక చెంబు పట్టుకుని నేను, రైలు పట్టాల పక్క తుమ్మచెట్ల దాకా పరుగే పరుగు. బోరింగు దగ్గర ఆడవాళ్లంతా బిందెలు వదిలేసి చూశారు. ఊరందరిచేతా లెట్రిన్లు కట్టించే ఆయన చెట్ల చాటున, ఎవరూ రాకుండా కాపలాకు నేను బయట!

తిరిగి వస్తుంటే నాకు మళ్లీ తెలివి పుట్టింది. "సార్, లోపల ఏముందో ఎట్లా తెలిసిందని పై ఆఫీసరు అడిగితే తుమ్మచెట్ల సంగతంతా చెప్పాల్సొస్తుంది, మీకే నామోషీ. చూడలేదనుకుని సంతకం పెట్టేయండి."

ఆయన నిలబడిపోయాడు. "నాకేం నామోషీప్పా? ఉన్నదున్నట్టు రాస్తా."

రాశాడు కూడా. రాసి, మా ముందే పైకి చదివాడు. "మరుగుదొడ్డి గది కట్టినారు. ప్రస్తుతం అందులో పొదిగే కోడి కాపురమున్నది. పిల్లలు లేచేదాకా గడువు ఇవ్వడమైనది. తర్వాత గుంత తవ్వి, పైపు వేసి చూపించవలెను. అంతవరకు కొళాయి ఇవ్వరాదు."

మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఆయప్ప ఎంత మంచోడురా! అడక్కుండానే కోడికి గడువు రాసిచ్చినాడు."

సుగుణ ఒక్క మాటే అంది. "ఇన్ని ఆఫీసులు తిరిగి మొత్తానికి సాధించినావులే. కోడి కాపురానికి పర్మిషన్ తెచ్చినావ్!"

అని నా చేతిలో బిందె పెట్టింది. ఇంకో రౌండు టీ చెప్పకండప్పా, పోవాల. బోరింగు దగ్గర లైన్లో నా బిందె ఉంది!