సర్పి చెప్పిన సాక్ష్యం

నొప్పి మొదలైన రోజు నేను చేసిన తెలివితక్కువ పని ఒకటే. "చీమలు పాకినట్టుందండీ" అని మా ఆయనతో అన్నాను. సూదులు గుచ్చినట్టుందన్నా సరిపోయేది. మా ఇంట్లో చీమలన్న మాట నేను అనకూడదు. పెళ్లయిన కొత్తలో, ఒంటినిండా చీమలు పాకుతున్నాయని ఇంట్లో దుప్పట్లన్నీ కాలవగట్టున కుప్పపోసి తగలబెట్టిన మనిషిని నేను. ఆ తర్వాత కాకినాడలో మానసిక రోగుల వార్డులో ఉండి వచ్చాను. అప్పటినుంచి లిథియం బిళ్లలు మింగుతూనే ఉన్నాను, ఉప్పలగుప్తం దగ్గర బడిలో పిల్లలకు సైన్సు చెబుతూనే ఉన్నాను.

మా ఆయన సెల్‌ఫోన్ లైటు వేసి మరీ నా వీపంతా వెతికారు.

"ఏమీ లేదు కదే," అన్నారు. ఆ మాట కంటే, ఇంకేమీ అడక్కుండా లైటు ఆర్పేసిన తీరు నాకు నచ్చలేదు.

ఎడమవైపు వీపు నుంచి రొమ్ము కింద దాకా ఒకటే మంట. పైట తగిలినా ప్రాణం పోయేది. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే కళ్లు తిరిగేవి. అద్దంలో చూసుకుంటే చర్మం నున్నగా ఉండేది. ఎవరినో అనడం ఎందుకు, నన్ను నేనే నమ్మలేదు. ఆ రోజుల్లో చీమలు కూడా నిజంగా ఉన్నట్టే ఉండేవి. ఈ మంటకూ ఆ చీమలకూ తేడా ఏమిటో ఎవరిని అడగను? ఆ ఆలోచన వచ్చాక నొప్పి కంటే భయం ఎక్కువైంది.

ఇంట్లో వాళ్ల తీరు మారింది. అన్నాలయ్యాక మా ఆయన బిళ్ల నా చేతిలో పెట్టి, నీళ్లు తాగేదాకా నిలబడి, "ఏదీ, నాలిక ఎత్తు," అన్నారు. ఎప్పుడో మానేసిన అలవాటది. వంటింట్లో అగ్గిపెట్టెలు కనబడలేదు.

"అగ్గిపెట్టెలేవండీ అత్తయ్యగారూ?"

"తడిసిపోయేయమ్మా. లైటరుంది కదా, దాంతో కానిచ్చెయ్."

ఇంట్లో అగ్గిపెట్టెలన్నీ ఒక్కసారే తడిసిపోయే వాన మా వీధిలో ఎప్పుడు పడిందో నాకు తెలియదు.

నేనూ తక్కువ తినలేదు. సాయంత్రం కాఫీ చేదుగా అనిపించింది. ఇంకో బిళ్ల ఏదో కలిపి ఇస్తున్నారని గట్టి అనుమానం. ఆయన పేపరు కోసం లేచినప్పుడు గ్లాసులు మార్చేశాను. తాగిన కాసేపటికే ఆయన కుర్చీలోనే గుర్రు పెట్టారు. దొరికిపోయారనుకున్నాను. కాఫీ తాగినా తాగకపోయినా ఆ వేళకు ఆయన రోజూ గుర్రు పెడతారని తర్వాత గుర్తొచ్చింది. అయినా మర్నాడు కూడా మార్చాను.

శనివారం పెరట్లో బట్టలు తీస్తుంటే, వలవని కొబ్బరికాయల రాశి వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. ఫోన్లో కాకినాడ డాక్టరు గారు.

"మళ్లీ మొదలయ్యేలా ఉందండీ... ఆయ్... చీమలనే అంటందండీ... ఆయ్, సోమవారం తీసుకొచ్చేత్తానండీ."

కాకినాడ వార్డులో రొయ్యల చెరువులకు చల్లే మందు వాసన వేసేది, పక్క మంచం ఆవిడ నా చెయ్యి వదిలేది కాదు. ఈసారి వెళితే బడిలో తెలియకుండా ఉండదు. ఆ తర్వాత నా దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతారు? వెళ్లి ఆయన్ని కడిగేద్దామనుకున్నాను. కానీ అరిస్తే అదే రుజువైపోతుంది. ఒకసారి మతి తప్పిన మనిషికి మళ్లీ కోపం రాకూడదు. బట్టలు మడతపెట్టి లోపలికి వచ్చేశాను.

ఆదివారం చర్చికి వెళ్లే ముందు స్నానం చేస్తుంటే వేళ్లకు బొబ్బలు తగిలాయి. అద్దంలో చూశాను. రొమ్ము కింద నుంచి వీపు దాకా వరసగా, గుత్తులుగా, ఎర్రటి మచ్చల మీద నీటి బొబ్బలు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

"అత్తయ్యగారూ!" అని కేకేశాను. ఆవిడ పరుగున వచ్చి, చూసి, రెండు చేతులూ పైకెత్తేశారు.

"స్తోత్రం ప్రభువా! సర్పి!"

సర్పి వచ్చినందుకు దేవుణ్ని స్తుతించిన మనిషి ఆవిడొక్కతే అయ్యుంటుంది. వెంటనే భయం కూడా పట్టుకుంది ఆవిడకి. "ఒంటిచుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే పేణానికే ముప్పంటారే తల్లీ, ఎర్రమన్ను పూయించేద్దాం," అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇన్నాళ్లకు కంటికి కనబడినదాన్ని మట్టి పూసి కప్పేయమంటారా? మా ఆయన్ని పిలిచాను.

"బాగా చూడండి. లైటు వెయ్యమంటారా?"

ఆయన చాలాసేపు చూశారు. "ముందే చెప్పొచ్చు కదే!" అన్నారు.

సోమవారం కాకినాడకు బదులు అమలాపురంలో చర్మం డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. అక్కడ డాక్టరు గారి గదిలోనే బెంచీ వేసి, తర్వాత చూడాల్సిన వాళ్లను కూర్చోబెడతారు. ఒకరి జబ్బు ఇంకొకరు వినాల్సిందే. ఆ బెంచీ మీద మా చర్చి సంఘపెద్ద గారి భార్య ఉన్నారు.

"చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా అమ్మా? ఆ వైరసే ఇన్నాళ్లూ నరంలో దాక్కుంటుంది. ముందు మంట వస్తుంది, బొబ్బలు నాలుగు రోజులాగి వస్తాయి," అన్నారు డాక్టరు గారు.

"ఆ మాట కొంచెం గట్టిగా చెప్పండి, మావారు అటుపక్క ఉన్నారు," అన్నాను.

డాక్టరు గారు నవ్వి, రాస్తూ అడిగారు. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?"

"బీపీకండీ, అంతే," అన్నారు మా ఆయన గబుక్కున, బెంచీ వైపు చూస్తూ. నాకు బీపీ లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. సర్పి మంట కాదది.

"లిథియం వాడుతున్నానండీ," అన్నాను. "ఒకప్పుడు నాకు మతి చెడింది. ఈ బిళ్లల వల్లే బాగున్నాను."

డాక్టరు గారు కలం ఆపి, రాసిన వాటిలో ఒకదాన్ని కొట్టేశారు. "ఇలాంటివి దాచకూడదండీ. ఈ నొప్పి బిళ్లతో లిథియం ఒంట్లో పేరుకుపోతుంది. చేతులు వణుకుతాయి, మాట ముద్దగా వస్తుంది." వేరే మందు రాసి, రక్తపరీక్ష చేయించుకుని కాకినాడ డాక్టరు గారికి చూపించమన్నారు. వణికే చేతులతో, ముద్దమాటతో నేను ఇంట్లో తిరిగితే ఏమయ్యేది? అప్పుడు ఏ బొబ్బా నన్ను కాపాడేది కాదు.

ఆటోలో మా ఆయన, "ఆవిడ ముందర చెప్పాలా?" అన్నారు.

"మీరు కొబ్బరికాయల ముందర చెప్పలేదేంటి?" అన్నాను.

బొబ్బలు ఎండిపోయాయి, నల్లటి మచ్చలు మిగిలాయి. అగ్గిపెట్టెలు వంటింటికి తిరిగొచ్చాయి. నరం నొప్పి మాత్రం వదల్లేదు, కొన్నాళ్లు ఉంటుందన్నారు డాక్టరు గారు. మచ్చలు పోవడానికి ఒక క్రీము కూడా రాశారు. మా ఆయనే కొనుక్కొచ్చారు. నొప్పి అన్నప్పుడల్లా ఆయన నా మొహం వైపు కాక, ఒకసారి ఆ మచ్చల వైపు చూస్తారు. చూశాక నమ్ముతారు.

"క్రీము రాస్తన్నావా?" అని అడుగుతుంటారు.

"రాస్తున్నానండీ," అంటాను.

ఆ ట్యూబు మూత నేనింకా తియ్యలేదు. నేనన్న ప్రతి మాటనూ అనుమానించే మనిషి ఆ ఒక్కటీ అనుమానించలేదు.