ప్లేటులో ఖాళీ మచ్చ

బాపు అని పిలిచే మా నాన్న పాదం పుండులోంచి చీము తీసి, అందులోని బ్యాక్టీరియాను ప్లేటు మీద పెంచింది నేనే. చంద్రపూర్‌లో ఒక చిన్న ల్యాబ్‌లో నా పని అదే. ఆయన మాజ్రి బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు, షుగరుంది. పుండులోని బ్యాక్టీరియా ఏ యాంటీబయాటిక్‌కూ లొంగలేదు. మోకాలి కింద కాలు తీసేయాలన్నాడు డాక్టరు. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు.

బ్యాక్టీరియాను చంపే వైరస్‌లుంటాయి, ఫేజ్‌లంటాం. మా దగ్గరున్న ఫేజ్ ఒక చుక్క ఆ ప్లేటు మీద వేశాను. పొద్దున చూస్తే చుక్క పడ్డచోట బ్యాక్టీరియా లేదు, ఖాళీ. ఫేజ్ ద్రవాన్ని పలచన చేసి మళ్లీ చూడందే నమ్మొద్దని కొత్తవాళ్లను కసిరేది నేనే. అయినా ఆగలేక ఫోన్ చేశాను.

“బాపూ, మందు దొరికింది.”

“నిజమేనా బిడ్డా?”

“నా కండ్లతోని చూసిన.”

తర్వాత పలచన చేసి వేశాను. ఫేజ్ పెరుగుతుంటే విడివిడిగా మచ్చలు రావాలి. ఒక్కటీ రాలేదు. అంటే ఫేజ్ పెరగడం లేదు, అది మందు కాదు. నాదే పొరపాటేమోనని నాలుగు రోజులు అదే పరీక్ష చేశాను. ఆస్పత్రిలో ఉన్న బాపుకు తమ్ముడితో అన్నం పంపి, నేను మొహం చాటేశాను.

ముందే పంపిన నమూనాకు జన్యు రిపోర్టు అప్పుడొచ్చింది. ఆ బ్యాక్టీరియాలో రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ ఉందట, ఆర్‌ఎన్‌ఏను చూసి డీఎన్‌ఏ తయారుచేసే ఎంజైము. ఆ డీఎన్‌ఏ కణంలోని ఒక విషాన్ని అణచిపెట్టి ఉంచుతుంది. ఫేజ్ వచ్చి దాన్ని కెలికితే విషం బయటపడి, ఫేజ్ పెరగకముందే ఆ కణం చచ్చిపోతుంది. పక్కవి బతుకుతాయి. నేను వేసిన చుక్కలో ఫేజ్‌లు మరీ ఎక్కువ, అందుకే అక్కడివన్నీ ఒకేసారి ప్రాణం తీసుకున్నాయి. దాన్నే నేను గెలుపనుకున్నాను.

ఇక దాచలేక ఆస్పత్రికి వెళ్లి మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. 

“గనిల అగ్గి పుడితే మేం గూడ గంతే. గోడ కట్టి ఆ దిక్కు ఇడిచిపెడ్తం. ఇటు దిక్కు బతుకుతది,” అన్నాడు బాపు.

“డాక్టరుకు ఏం చెప్పినవు బాపూ?”

“మొన్ననే కోస్తనన్నడు. నా బిడ్డ మందు తెస్తది, కాలు ముట్టొద్దని ఎల్లగొట్టిన.”

దుప్పటి తీసి చూశాను. పుండు ఎరుపు మోకాలు దాటి పైకి పాకింది.