తొకుజి పతకం

మా దీవికి బయటినుంచి కరెంటు తీగ లేదు. గాలిమర తిరిగితే దీపాలు వెలుగుతాయి, మిగిలిన కరెంటుతో హైడ్రోజన్ తయారవుతుంది. గాలి పడిపోతే, ఆ హైడ్రోజన్‌తో నడిచే కారును రేవులోని స్తంభానికి తగిలించి దాని కరెంటును ఊరికి ఇవ్వాలి. ఆ కారును తొకుజి చేతిలో పెట్టారు. నలభై ఏళ్లు బస్సు నడిపి ఒక్క గీత పడనివ్వని మనిషి. ఛాతీ మీద ఉత్తమ డ్రైవరు పతకం లేనిదే గడప దాటడు. స్నానానికైనా తీస్తాడో లేదో వాళ్లావిడనే అడగాలి.

మా దగ్గర కారును వెనక్కి నడిపే నిలుపుతారు. కారు ముక్కును లోపలికి పెట్టి నిలిపినవాణ్ణి, చెప్పులతో ఇంట్లోకి వచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తారు. నగరంనుంచి వచ్చిన ఇంజనీర్లూ అలాగే నిలుపుతారు. అయినా ఆ మహానుభావులు స్తంభాన్ని గోడ పక్కన పాతారు. కారు ప్లగ్గేమో ముక్కు దగ్గర, తీగ రెండే మీటర్లు. ప్రారంభోత్సవం నాడు రిబ్బను కత్తిరించారు గాని తగిలించి చూడలేదు.

జూలైలో ఒక మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. నేను పనిచేసే మంచుగదిలో మూడు పడవల కానాగంత చేపలు ఉన్నాయి, మర్నాటి ఓడకు ఎక్కాల్సినవి. తొకుజి తెల్ల చేతితొడుగులతో వచ్చి, కారును అంగుళం తేడా లేకుండా వెనక్కి నిలిపాడు. తీగ అందలేదు. మళ్లీ ఎక్కి, ఇంకాస్త తిన్నగా, మళ్లీ వెనక్కే నిలిపాడు.

"అన్నయ్యా, ముక్కు గోడవైపు పెట్టు!" అన్నాను.

"అందరూ చూస్తున్నారమ్మా చిజురూ."

"చూడనీ! చేపలు కంపు కొడితే నీ వంక చూడరులే, ముక్కు మూసుకుని పారిపోతారు."

"రేపు పొడుగు తీగ కోసం అర్జీ పెడతాను."

"నీ అర్జీ తెమిలేసరికి ఈ చేపలు మా అత్తగారి దగ్గరికి చేరతాయి. ఆవిడ పోయి ఆరేళ్లయింది!"

మంచు కరిగి, గుమ్మం కిందనుంచి నీళ్లు అతని బూట్లదాకా వచ్చాయి. తొకుజి టోపీ తీశాడు. గుమిగూడిన జనానికి నడుం వంచి క్షమాపణ చెప్పుకుని, కారును ముక్కుతో లోపలికి పెట్టాడు. మంచుగది గుర్రుమంది. చప్పట్లు కొట్టాల్సింది పోయి, మావాళ్లంతా అతని సిగ్గును చూడనట్టు మర్యాదగా సముద్రంవైపు తిరిగి నిలబడ్డారు.

మర్నాడు పొద్దున్నే, ఊరంతా కలిసి రోజూ చేసే వ్యాయామానికి అందరం చేరాం. తొకుజి పతకం విప్పి, ఊరిపెద్ద హమసాకికి రెండు చేతులా అందించాడు.

"దీనికి నేను తగనండి."

"అయ్యో, అదేం మాటండీ" అని హమసాకి అంటాడనుకున్నాను. అనలేదు. రెండు చేతులా పుచ్చుకుని, అతనికంటే కాస్త ఎక్కువే వంగాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ తరవాత హమసాకి తిన్నగా మంచుగదికే వచ్చాడు. "తాజావేనా అమ్మా?" అని అడిగి, తొకుజి చెడిపోకుండా కాపాడిన ఆ కానాగంతల్లోంచే నాలుగు కట్టించుకుని వెళ్లాడు.