ఆఖరి పెట్టెకు ముందు వడ్డన

మొన్న ఆదివారం వెల్లింగ్టన్ హార్బర్ పక్కన కూరగాయల సంతలో కొత్తిమీర ఏరుతున్నాను. గాలి ఎప్పటిలాగే నన్ను ఊరు దాటించే ప్రయత్నంలో ఉంది. ఆ గాలిలో ఎక్కణ్ణుంచో బొగ్గుల మీద కాలే మాంసం, పిండిన నిమ్మకాయ, ఎండు ఒరిగానో ఆకు కలిసిన వాసన వచ్చింది. కొత్తిమీర అక్కడే వదిలేసి వాసన వెంట నడిచాను. కాలుస్తున్నది ఎవరో కుర్రవాడు, కోస్తాస్ కాదు. కాకపోవడం సహజమే, ఆయన పోయి కొన్నేళ్ళయింది. నా కాళ్ళకు మాత్రం ఆ సమాచారం ఇంకా అందినట్టు లేదు.

పామర్‌స్టన్ నార్త్ అనే ఊళ్ళో చదువుకునే రోజుల్లో నేను కోస్తాస్ గారి కొట్టులో పని చేశాను. నలుగురు నిలబడితే ఐదోవాడు వీధిలో ఉండాల్సినంత కొట్టు. పుల్లలకు మాంసం గుచ్చి కాల్చి, రొట్టెలో చుట్టి ఇవ్వడం మా వ్యాపారం. ఆయన ఇంగ్లీషు గ్రీకు యాసలో, నాది వరంగల్ యాసలో సాగేది. మధ్యలో ఇంగ్లీషువాళ్ళెవరూ లేరు కాబట్టి ఒకరిది ఒకరికి చక్కగా అర్థమయ్యేది. పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాక ‘కోస్తాస్ గారూ’ అనేదాన్ని. గారు అంటే ఏమిటో అడిగి తెలుసుకుని, ఆ రోజు నుంచి ఆయనా నన్ను ‘విజయ గారూ’ అన్నారు. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ ఆ అలవాటు కాలేదు.

చేరిన మొదటి రోజున వరసలో ముందున్న కుర్రాణ్ణి “ఏం కావాలి?” అని అడిగాను. ఆయన పుల్లలు తిప్పడం ఆపేశారు.

“అది రెండో ప్రశ్న, విజయ గారూ. మొదటిది, ఎంత దూరం వెళ్ళాలి అని.”

కుర్రాడు మా కొట్టు పైన గదిలోనే ఉంటాడట. వెనకున్న నర్సు ఆసుపత్రికి తిరిగి వెళ్ళాలి. ఆయన నర్సుకు ముందు ఇచ్చారు. కుర్రాడు నా వైపు చూశాడు. నేను ఉల్లిపాయల వైపు చూశాను.

ఆ ప్రశ్న ఎక్కడిదో బేరం లేని మధ్యాహ్నాల్లో కొద్దికొద్దిగా చెప్పారు. కోస్తాస్ గ్రీసులో ఒక పల్లెటూరి జంక్షన్‌లో పుట్టారు. పల్లెటూరు అనడం కూడా గౌరవమే. పత్తి చేల మధ్య రెండు రైలు మార్గాలు కలిసే చోటు అది. ఒకటి రేవుకు, ఒకటి కొండల్లోకి. అక్కణ్ణుంచి ఎత్తు మొదలవుతుంది కాబట్టి కొండెక్కే ప్రతి బండికీ వెనక ఇంకో ఇంజను తగిలించాలి, నీళ్ళు పట్టాలి. బండి ఆగితే జనానికి ఆకలేస్తుంది. ఆకలేస్తే ఎవరో ఒకరు పొయ్యి వెలిగిస్తారు. వెలిగించింది వాళ్ళమ్మ. స్టేషన్ మాస్టరు వాళ్ళ నాన్న. ఆయన పచ్చజెండా ఎత్తే ముందు ఒకసారి భార్య పొయ్యి వైపు చూసేవాడట.

ఇంజను తగిలించేలోపల బండి మొత్తానికి తిండి అందాలి. అందుకే ఆవిడ ముందు “ఏ పెట్టె?” అని అడిగేది. పొయ్యి బండి ముందువైపు ఉండేది, ఆఖరి పెట్టెవాళ్ళు ఎక్కువ దూరం పరిగెత్తాలి, కాబట్టి వాళ్ళకు ముందు. మొదటి పెట్టెవాళ్ళు ఎంత గొప్పవాళ్ళయినా చివరే. దిగలేనివాళ్ళకు కిటికీ దగ్గరికే పరిగెత్తి అందించేదట.

“మీరూ అందించేవారా?” అన్నాను.

“అమ్మ ఒప్పుకునేది కాదు. నీ కాళ్ళకు ఇంకా ఆ వేగం రాలేదు, ఉండు అనేది. వేగం వచ్చేసరికి డీజిల్ ఇంజన్లు వచ్చాయి. వాటికి నీళ్ళూ అక్కర్లేదు, తోడూ అక్కర్లేదు. బండి ఇలా ఆగి అలా పోయేది.” తర్వాత సొరంగం తవ్వి కొత్త లైను వేశారు, కొండ లైను మూసేశారు. ఇప్పుడు ఒంటి పెట్టె డీజిల్ బండి ఒకటి వచ్చి పోతుందట, టిక్కెట్టు కూడా బండిలోనే. అమ్మ పొయ్యి దగ్గర పిచ్చుకలు కాపురముంటున్నాయట. “ఒక్కసారి,” అన్నారాయన, “ఒక్క బండికి, మొదటి నుంచి చివరిదాకా, నా చేత్తో పెట్టాలి విజయ గారూ.”

న్యూజిలాండ్‌లో ఆయన ఆ కోరిక నెరవేరే దారి నాకు కనిపించలేదు. ఈ దేశంలో రైలు ఎక్కడమే ఒక విశేషం. కానీ ఆ వేసవిలో ఆవిరి ఇంజన్లంటే ప్రాణమిచ్చే వాళ్ళు కొందరు ఒక విహార యాత్ర పెట్టుకున్నారు. దారిలో ఒక చిన్న స్టేషన్‌లో ఇంజను నీళ్ళు పట్టుకోవాలి. అక్కడ తిండి ఎవరైనా పెడతారా అని అడుగుతున్నారని తెలియగానే, కోస్తాస్ ఏప్రన్ విప్పకుండానే వెళ్ళి ఒప్పేసుకుని వచ్చారు. అప్పటికి ఆయన మోకాలు వాతావరణ శాఖ కంటే ముందు వాన చెప్పే దశలో ఉంది.

నా ఫ్లాట్‌మేట్ మాధవిని కూడా తీసుకెళ్ళాం. కరీంనగర్ పిల్ల. “ఏందే విజయా, పెండ్లి లేదు పేరంటం లేదు, గింతమందికి ఎందుకే పెట్టుడు?” అంటూనే రొట్టెలన్నీ వరసగా పేర్చింది. బొగ్గులు ఎర్రబడ్డాయి. దూరంగా కూత వినబడింది. కోస్తాస్ జుట్టు దువ్వుకున్నారు. ఆయన దగ్గర దువ్వెన ఉందని నాకు అప్పుడే తెలిసింది.

బండి వచ్చింది, పొగతో, ఆవిరితో, పట్టాలు అదిరేలా! ప్లాట్‌ఫాం మాత్రం పొట్టిది. వెనక పెట్టెలు అవతల కంకర మీదే ఆగిపోయాయి, వాటిలోవాళ్ళు లోపల్నుంచే నడిచి ముందు పెట్టెల్లోంచి దిగారు. పొట్టి నిక్కరు వేసుకున్న పొడుగాటి మనిషి దిగి వరసలో మొదట నిలబడ్డాడు. వెనక అందరూ క్రమశిక్షణగా చేరారు.

“ఏ పెట్టె?” అన్నారు కోస్తాస్.

“మొదటిది, మేట్.”

“అయితే దయచేసి ఆగండి.”

ఈ దేశంలో ఏమన్నా సహిస్తారు గానీ క్యూ జోలికి వస్తే సహించరు. మాధవి నా చెవిలో, “అయిపాయె, ఇగ మనల్ని ఇండియా పంపుతరు” అంది. కోస్తాస్ మాత్రం, “ఆఖరి పెట్టెవాళ్ళకు చాలా దూరం సార్, మీకు నాలుగడుగులే” అన్నారు. పొడుగాటాయన బండిని ఆ చివరిదాకా చూశాడు. “ఫెయిర్ ఎనఫ్” అని, వెనక్కి తిరిగి గొంతెత్తాడు. “ఆఖరి పెట్టెవాళ్ళు ముందుకు రండి!”

అంతే, వరస మొత్తం తిరగబడింది! చేతులు, పొట్లాలు, నవ్వులు. కోస్తాస్ కాలుస్తున్నారు, నేను చుడుతున్నాను, మాధవి “ఆగున్రి, చెయ్యి కాలుతున్నది!” అని తెలుగులోనే అరుస్తోంది, అందరూ ఆగుతున్నారు. పొడుగాటాయనకూ అందింది. అప్పుడు ఆఖరి పెట్టె కిటికీలోంచి ఒక ముసలమ్మ చెయ్యి ఊపడం కనిపించింది. దిగలేదు పాపం. ఇంజను హెచ్చరిక కూత వేసింది.

“ఇవ్వండి, నేను పరిగెత్తుతా” అన్నాను.

“వద్దు. ఇది నాది” అని కోస్తాస్ పొట్లం తీసుకుని కుంటుతూ పరుగందుకున్నారు. ప్లాట్‌ఫాం చివర గార్డు చెయ్యి అడ్డం పెట్టింది. మెరిసే చొక్కా వేసుకున్న పెద్దావిడ. “ప్లాట్‌ఫాం దాటి ఎవరూ వెళ్ళకూడదు.” ఆయన ఆగిపోయారు. పొట్లం వైపు, కిటికీ వైపు చూస్తూ నిలబడ్డారు. ఆవిడా ఆ రెండు వైపులా చూసింది.

“నేను జెండా ఎత్తందే ఇది కదలదు,” అంది. “నా చెయ్యి పట్టుకోండి. కంకర మీద జాగ్రత్త.”

పెళ్ళికి వెళ్తున్నట్టు ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని బండి చివరిదాకా నడిచారు. ఆయన మునివేళ్ళ మీద లేచి అందించారు. కిటికీలోంచి దిగిన చెయ్యి పొట్లం అందుకుంది. నేనూ మాధవీ ఈలలు వేశాం. మా ఇద్దరికీ ఈల వేయడం రాదు.

బండి వెళ్ళిపోయాక ఆయన రొట్టెలు తెచ్చిన ఖాళీ చెక్కపెట్టె మీద కూలబడి మోకాలు రాసుకున్నారు. “ఆలస్యం చేశాం. నాన్న ఒప్పుకునేవాడు కాదు.”

“మరి అమ్మ?”

మిగిలిన ముక్క ఒకటి నోట్లో వేసుకున్నారు. “ఉప్పు తక్కువైంది అనేది” అన్నారు. ఆయన ముఖం అంత వెలగడం నేను మళ్ళీ చూడలేదు.

ఆయన దగ్గర మాంసం కాల్చడం నేర్చుకోలేదు, నాది ఇప్పటికీ మాడుతుంది. ఆఫీసు మీటింగుల్లో మాత్రం ఎక్కడో దూరపు ఊళ్ళ నుంచి ఫోన్లో చేరినవాళ్ళ మాట ముందు అడుగుతాను. మా తెలుగువాళ్ళ పండగ భోజనాల్లో గరిటె నా చేతికొస్తే కారులో చాలాసేపు వెళ్ళాల్సినవాళ్ళను ముందు పిలుస్తాను. పోయిన ఉగాదికి ఒక అంకుల్ పళ్ళెం పట్టుకుని చిన్నబుచ్చుకున్నారు. “ఏమ్మా, మేం పెద్దవాళ్ళం కనబడటం లేదా?”

“కనబడుతున్నారంకుల్. మీ ఇల్లు కూడా కనబడుతోంది, ఆ కిటికీలోంచి.”

అంకుల్ పులిహోర చల్లారేదాకా ఆగారు. నాకు తెలిసినంతలో చిక్కిపోలేదు. నేనేం చేయను, ఎవరు ఎంత దూరం వెళ్ళాలో కనుక్కోకుండా వడ్డించడం నాకిప్పుడు చేతకాదు.