ఆరని వెనక తలుపు

పొరల బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు. ఒకటి పూర్తిగా ఆరందే దాని మీద రెండోది వెయ్యడు. అది రంగు కావచ్చు, మైనం కావచ్చు, మాట కావచ్చు, ఆయన లెక్కలో అన్నీ ఒకటే. రొట్టె మీద వెన్న రాసుకుని, అది ఆరేదాకా జామ్ సీసా మూత తియ్యకుండా కూర్చునే మనిషిని మీరెక్కడైనా చూశారా? ఆయన పనిచేసే ఆస్పత్రి క్యాంటీన్లో ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నారు. వెన్న ఎప్పటికీ ఆరదు కాబట్టి పాపం ఆయనకి జామ్ రుచి తెలీదు.

ఒకసారి మందుల కౌంటరు ఆవిడా, రక్తపరీక్షల గది ఆవిడా వరండాలో జుట్లు పట్టుకునేంత పని చేశారు. ఐదు నిమిషాలకి ఇద్దరికీ సిగ్గేసి "సారీ అక్కా", "పోన్లేవే" అనుకున్నారు. పక్కనే నిలబడి టీ తాగుతున్న బాబాయి గ్లాసు దించేసి అడ్డుపడ్డాడు.

"అప్పుడే సారీ ఏంటమ్మా? కోపం ఇంకా తడిగానే ఉంది. దాని మీద సారీ పూస్తే రేపటికి పెచ్చులూడిపోతుంది. ముందు ఆరనివ్వండి."

"ఎంతసేపు ఆరాలి బాబాయ్?"

"వాన రోజులు కదా, ముప్పై గంటలు వేసుకోండి."

మర్నాడు సాయంత్రందాకా ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా తిరిగారు. ఆ తర్వాత చెప్పుకున్న సారీ మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆయన సొంత పెళ్ళి సంగతి ఇంకా ఘోరం. పిల్ల నచ్చింది, పిల్లకీ నచ్చాడు, పెద్దవాళ్ళు ముహూర్తం అడిగితే "ఇష్టం ఆరనివ్వండి" అని మూడు నెలలు కూర్చున్నాడట. నాలుగో నెలలో పిల్ల తనే వచ్చి, "ఆరిందా, నన్ను వేరే సంబంధం చూసుకోమంటారా?" అని గుమ్మంలో నిలబడి అడిగిందట. అలా అడిగిన మనిషితో ఇరవై ఆరేళ్ళు కాపురం చేశాడు. ఆవిడ పోయి పదకొండేళ్ళయింది.

ఇంతకీ బాబాయి చేసే పని, ఆస్పత్రి వెనక షెడ్డులో ఉండే శవాల బండి నడపడం. అంబులెన్సు డ్రైవర్లు దాన్ని ఆఖరి బండి అంటారు, ఆయన పెద్దబండి అంటాడు. నల్లటి బండి. షెడ్డుకి ఒక పక్క మార్చురీ గోడ, ఇంకో పక్క చెమ్మకి ఉబ్బిన సున్నం గోడ. పగలు కూడా ట్యూబులైటు వెయ్యాలి. అలాంటి చోట ఆ బండి ఒక్కటే తళతళలాడుతూ ఉంటుంది. దాని పక్క రేకులో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. ఒక డ్రైవరు గీసుకున్నాడు కూడా.

ఆ డ్రైవరే ఒకరోజు అన్నాడు: "కాస్త మెరుపు తగ్గించు బాబాయ్. మా బండ్లో వచ్చే పేషెంట్లు కిటికీలోంచి నీ బండి చూసి ఆశపడేట్టున్నారు."

"చచ్చినవాళ్ళ కోసం కాదురా, బండి కోసం. పైనుంచి రెట్టేసే కాకికి లోపల ఎవరున్నారో తెలుసా? ఎండకి తెలుసా? వానకి తెలుసా?"

ఈ షెడ్డుకి రెండేళ్ళ కిందట ఇన్‌చార్జిగా ఒకావిడ వచ్చింది. వచ్చింది అనడం మర్యాదకి, పంపించారు. ఆ పోస్టు కావాలని అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. కిటికీ తీస్తే మార్చురీ, మూస్తే బూజు వాసన. మొదటి వారం ఆవిడ రోజూ ఇంటికెళ్ళి ఏడ్చేది. రెండో వారం బాబాయి ఆవిడని బండి దగ్గరికి పిలిచి, చేతికో ప్లాస్టిక్ సంచి తొడిగి, "బండి మీద చెయ్యి పెట్టి నిమరండమ్మా" అన్నాడు. ఉత్త చేతికి నున్నగా ఉన్న రేకు, సంచిలోంచి గరగరలాడింది.

"ఇంత కడిగారు కదా బాబాయ్, ఇదేంటి?"

"కడిగితే పోయేది పైపై దుమ్మే. ఇది రంగులో దిగబడింది. దీనికి మట్టిముద్ద పెట్టి లాగాలి. తర్వాత గీతలు పోవడానికి పాలిష్. ఆ పైన రంగుని కాసే సీలెంటు. అది ఒక పగలూ ఒక రాత్రీ ఆరాక మైనం. వరస మారితే అంతా పోయినట్టే. మైనం ముందు పూస్తే సీలెంటు రేకుని పట్టుకోదు, దాని మీద జారిపోతుంది."

"ఇంత తతంగమా?"

"మైనం మెరుస్తుంది కానీ రెండు నెల్ల కంటే ఉండదు. సీలెంటు అంత మెరవదు, ఆరేడు నెలలు కాస్తుంది. ఒకటి అందానికి, ఒకటి ప్రాణానికి. రెండూ కావాలంటే ఆగాలి మరి."

ఆ రోజు నుంచి ఆవిడ ఏడవడం మానేసిందని చెప్పను. తగ్గించింది. వాన పడితే రేకు మీద నీళ్ళు గుండ్రంగా నిలబడుతున్నాయా, పరుచుకుంటున్నాయా అని వెళ్ళి చూడటం మాత్రం మొదలుపెట్టింది. కన్నతండ్రి చిన్నప్పుడే పోయిన మనిషి, బాబాయి అని నోరారా పిలవడానికి ఆ షెడ్డులో ఒకరు దొరికారు.

అంతా బాగానే ఉంది కానీ ఆ వెనక తలుపొకటి ఉంది. బండి అంతా అద్దంలా ఉంటే వెనక తలుపు రెండు రెక్కలూ పొగచూరినట్టు మసకగా ఉండేవి. అక్కడికి వచ్చేసరికి ఎవరో పని ఆపేసి లేచిపోయినట్టు ఉండేది.

"దీనికెందుకు వెయ్యలేదు బాబాయ్?"

"ఆరలేదమ్మా."

"ఏది ఆరలేదు?"

"వెనక తలుపు."

ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. పదకొండేళ్ళుగా ఆరని తలుపు ప్రపంచంలో అదొక్కటే అని డ్రైవర్లు నవ్వుకునేవాళ్ళు. చెమ్మ గోడ కదా, పాపం, అనేవాళ్ళు.

ఆ ఏడు వానలు పట్టుకుని వదలని నెలలో ఆస్పత్రికి కొత్త పెద్దసారు వచ్చాడు. అన్నీ తిరిగి చూశాడు. షెడ్డుకొచ్చి బండి చుట్టూ నడిచి, వెనక్కి రాగానే ఆగిపోయాడు.

"ఏంటిది?"

"ఆరలేదు సార్" అన్నాడు బాబాయి.

పెద్దసారు నవ్వలేదు. ఇన్‌చార్జమ్మని గదిలోకి పిలిచి, "సోమవారం మళ్ళీ వస్తాను. ఆ తలుపు మిగతా బండిలా ఉండాలి. లేకపోతే బండిని బయటి ఏజెన్సీకి ఇచ్చేస్తాం, ఆయన్ని గేటు దగ్గర చీటీలిచ్చే కుర్చీలో కూర్చోబెట్టండి" అన్నాడు.

బాబాయికి ఇంట్లో మనిషి లేదు, ఉన్నది ఆ బండి ఒక్కటే. అది తీసేసి చీటీల కుర్చీలో కూర్చోబెడితే బాబాయి ఎన్నాళ్ళుంటాడు? ఆవిడ శుక్రవారం ఆయన్ని బతిమాలింది, శనివారం కసురుకుంది, సాయంత్రం మళ్ళీ బతిమాలింది.

"మీకు దణ్ణం పెడతాను బాబాయ్, ఒక్క తలుపు! మీ చేతికి గంట పని."

"ఆరలేదమ్మా."

"ఉద్యోగం పోతుందంటే మీకు అర్థం కావట్లేదా? మొండితనానికైనా ఒక హద్దుండాలి!"

"గేటు దగ్గర కూడా కుర్చీ ఉంటుంది కదమ్మా" అన్నాడాయన, బండి రుద్దే పీచు పిండుకుంటూ.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఈయన్ని ఈయన నుంచే కాపాడాలి అనుకుంది. ఆదివారం బాబాయి అక్కగారింటికి వెళ్ళే రోజు. పొద్దున పదికల్లా ఆవిడ పాత చీర కట్టుకొచ్చి, పాలిష్ మిషను తీసి, ఆ రెండు రెక్కల మీదా పడింది. మిషను పట్టడం అదే మొదలు. అది ఆవిడని రెండుసార్లు గోడకి కొట్టింది. మధ్యాహ్నానికి మసక విడిచింది. సీలెంటుకి ఒక రోజు ఆరబెట్టే టైము లేదు, నేరుగా మైనం పూసి గుడ్డతో రుద్దింది. భుజాలు పడిపోయాయి. కానీ తలుపులో తన మొహం, చెదిరిన జుట్టుతో సహా కనిపించేసరికి ఎంత సంతోషపడిందో చెప్పలేను.

సోమవారం పొద్దున్నే పెద్దసారు వచ్చాడు. తలుపులో చూసుకుని కాలరు సర్దుకున్నాడు.

"ఇదీ బండంటే! చూశారా, చెయ్యాలనుకుంటే ఎంతసేపు?" అని వెళ్ళిపోయాడు.

గండం గడిచింది. ఆవిడ నవ్వుతూ బాబాయి వైపు తిరిగింది. ఆయన తలుపునే చూస్తున్నాడు.

"సీలెంటు లేకుండా మైనం పూశారమ్మా" అన్నాడు చివరికి.

"అదా మీ బాధ! మీకా గేటు కుర్చీ తప్పించాను, ఒక మంచి మాట చెప్పరా?"

ఆయన పీచు కోసం లోపలికి వెళ్ళాడు. అంతలో ఫోను మోగింది. మూడో వార్డు వెనక గుమ్మానికి బండి కావాలట.

బాబాయి అంత హడావుడి పడటం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఒక పాత దుప్పటి తెచ్చి తలుపు మీద కప్పాలని చూశాడు. మైనం మీద అది నిలుస్తుందా, జారింది. మళ్ళీ కప్పాడు, మళ్ళీ జారింది. ఈయనకి నిజంగానే మతి పోయింది అనుకుని, సంతకాల పుస్తకం చంకలో పెట్టుకుని ఆవిడా వెంట వెళ్ళింది.

వానలో గుమ్మం దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు. భార్య పోయింది. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. కాగితాలన్నీ వరసగా పెట్టుకున్నాడు, అడిగినచోటల్లా సంతకం చేశాడు, "థాంక్యూ" అని కూడా అన్నాడు. స్ట్రెచరు లోపలికి వెళ్ళింది. బాబాయి తలుపు రెక్కలు మూసి, వాటికి అడ్డంగా తను నిలబడ్డాడు. కానీ బండి తియ్యాలంటే ముందుకు వెళ్ళాలి కదా. పక్కకి జరిగాడు.

ఆ భర్త ఎదురుగా చూశాడు. తలుపులో నోరు వంకరపోయి, కళ్ళు ఉబ్బి, వెక్కుతున్న మొహం ఒకటి తిరిగి చూసింది.

"ఎవరది?" అన్నాడాయన.

ఆ వెంటనే అది తనేనని అర్థమైంది. ఫైలు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కాగితాలు నీళ్ళలో పడ్డాయి. బాబాయి వచ్చి ఆయన భుజాలు పట్టుకుని అటు తిప్పి, "రండి బాబూ, ముందు సీట్లో కూర్చోండి" అని నడిపించుకుపోయాడు. ఇన్‌చార్జమ్మ వంగి కాగితాలు ఏరింది.

మధ్యాహ్నం బండి షెడ్డుకి తిరిగొచ్చింది. ఆవిడ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఆయనే చెప్పాడు.

"మా ఆవిడ చనిపోయిన వారంలోనే ఈ బండికి కొత్తగా పొరలన్నీ వేశాను. వెనక తలుపుకైతే ఇంకో పూత ఎక్కువే. ఆ రోజు వేరే డ్రైవరు నడిపాడు. నేను వెనకాల నిలబడ్డాను. నా పనితనమంతా నా మొహాన్నే చూపించింది. ఏడిస్తే నేనంత ఛండాలంగా ఉంటానని నాకు అప్పుడే తెలిసిందమ్మా. ఆవిణ్ణి చూడాల్సిన టైములో నన్ను నేను చూసుకుంటూ నిలబడ్డాను."

"మరి అంతమంది అడిగితే ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెబితే అయ్యో అంటారు. అయ్యో పాపం అనిపించుకోవడం కంటే పిచ్చోడనిపించుకోవడం తేలిక. క్యాంటీన్లో టీ అయినా నవ్వుతూ ఇస్తారు."

ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. లేచి పీచు అందుకుంది.

"ఎలా రుద్దాలో చూపించండి."

అప్పుడు తెలిసింది ఆవిడకి, ఆయన వదిలేశాడనుకున్న తలుపుకే అన్నిటికంటే ఎక్కువ చాకిరీ అని. సన్నటి తడి పీచుతో ఒకే దిక్కున, ఎక్కడా చార పడకుండా, ఎక్కడా మెరుపు మిగలకుండా రుద్దాలి. తర్వాత మెరవని రకం సీలెంటు వెతికి తెచ్చి పట్టించాలి. లేకపోతే తుప్పు పడుతుంది. మెరిపించడం ఎవరికైనా వస్తుంది, ఇంత సమంగా మసకగా ఉంచడం ఆయనకే చేతనయింది. పదకొండేళ్ళుగా మూడు నెలలకోసారి చేస్తున్నాడు, అదీ ఎవరూ లేని ఆదివారాలు చూసుకుని, అక్కగారింటికని చెప్పి. ఆయనకి అక్కగారు లేరు. నిన్న, తలుపు పని కిందటి వారమే అయిపోయింది కదా అని, ఊరికే అలా తిరిగొచ్చాడట.

మర్నాడు ఆవిడే పెద్దసారు గదికి వెళ్ళింది. ఎప్పుడూ గుమ్మం బయటే నిలబడి మాట్లాడే మనిషి, లోపలికెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మెరుపు తీసేశాం సార్. నేనే తీయించాను. గేటు దగ్గరికి పంపాలంటే రెండు కుర్చీలు వేయించండి."

జరిగిందంతా చెప్పింది. పెద్దసారు విని, ఎదురుగా ఉన్న ఫైలు తెరిచాడు. ఆవిడ వచ్చేసి, సొరుగులో తన సామాన్లు సర్దుకోవడం కూడా మొదలుపెట్టింది.

సాయంత్రం, గొడుగేసుకుని పెద్దసారు ఒక్కడే షెడ్డుకొచ్చాడు. తిన్నగా బండి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ముందుకు వంగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, ముక్కు రేకుకి ఆనేంత దగ్గరగా చూశాడు. అటు రెక్కా చూశాడు, ఇటు రెక్కా చూశాడు.

"నాకేమీ కనపడట్లేదే" అన్నాడు చివరికి.

అన్నేళ్ళలో తన చేతిపనికి అంత మెప్పు ఎవరిచ్చారు గనక! పొరల బాబాయి సిగ్గుపడిపోయి, చేతిలో పీచు వెనక్కి దాచుకుని, "ఏదో, మీ అభిమానం సార్" అన్నాడు.